నీళ్ళ వెంబడి ఏడు రోజులు

మొదటి రోజు, జూరిక్

మా నాగర్‌కర్నూల్ వైపు ఎవరైనా "మీదే చర్చి?" అని అడిగితే "ఎం.బి." అంటాం. ఆ రెండక్షరాలు మెనోనైట్ బ్రదరన్ అని చిన్నప్పుడే తెలుసు. మెనోనైట్ అన్న మాట మెన్నో అనే ఒక మనిషి పేరు మీద వచ్చిందని మాత్రం ముప్పై దాటాక తెలిసింది. సండే స్కూల్లో మోషే గురించి చెప్పారు, పౌలు గురించి చెప్పారు, మిషన్ కాంపౌండ్ కట్టించిన దొర గురించి, దొరసాని గురించి చెప్పారు. ఆ దొరకు ఈ నమ్మకం ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మా అమ్మాయి జర్మనీలో చదువుతోంది. దసరా సెలవులకు దాని దగ్గరికి వస్తూనే, "మనం ఊళ్ళు చూద్దాం గానీ నేను చెప్పిన ఊళ్ళే చూద్దాం" అన్నాను. ఏడు రోజులు, మూడు దేశాలు, అన్నీ రైళ్ళు, బస్సులు. మొదటి ఊరు జూరిక్.

గ్రోస్‌మ్యూన్‌స్టర్ అనే రెండు బురుజుల పెద్ద గుడి నదికి ఎత్తున ఉంటుంది. 1519 జనవరి 1న ఉల్రిక్ త్స్వింగ్లీ ఇక్కడ ప్రసంగ పీఠం ఎక్కాడు. జర్మనీలో లూథర్ మొదలుపెట్టిన చర్చి సంస్కరణను జూరిక్‌లో నడిపించింది ఈయనే. ఆయన చుట్టూ గ్రీకు, లాటిన్, హెబ్రీ చదువుకున్న కుర్రాళ్ళు చేరారు. కొన్రాడ్ గ్రేబెల్ పెద్దింటి పిల్లవాడు. ఫెలిక్స్ మాంట్స్ ఒక పాదిరికి పెళ్ళి కాకుండా పుట్టినవాడు. గురువు బైబిలు తెరిచి చదవండి అన్నాడు, వీళ్ళు చదివారు. చదివి అడిగారు: పసిపిల్లలకు బాప్తిస్మం ఇమ్మని ఇందులో ఎక్కడుంది?

ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు అక్కడ నిలబడితే గానీ తెలియలేదు. ఆ రోజుల్లో పుట్టిన ప్రతి బిడ్డకూ బాప్తిస్మం ఇచ్చేవారు. ఊరూ సంఘమూ ఒకటే. పన్ను కట్టేవాడూ, యుద్ధానికి వెళ్ళేవాడూ, గుడికి వచ్చేవాడూ ఒకే లెక్కలో ఉండేవారు. నమ్మకం పుట్టుకతో రాదు, ఎవరికి వారు ఎంచుకోవాలి అన్నారంటే ఆ లెక్క మొత్తం చెదిరిపోతుంది. త్స్వింగ్లీ నగర సభ ఒప్పుకున్నంత వరకే నడుద్దాం అన్నాడు. దేవుడి సంగతి నగర సభ ఎలా తేలుస్తుందని శిష్యులు ఎదురు తిరిగారు. 1525 జనవరిలో సభ తీర్పు చెప్పింది: ఎనిమిది రోజుల్లో పిల్లలకు బాప్తిస్మం ఇప్పించాలి, లేదంటే ఊరు విడిచి వెళ్ళాలి. 21వ తేదీన ఆ కుర్రాళ్ళు కూడుకోవడం కూడా నిషేధించింది.

అదే రాత్రి గుడి వెనక నాయ్‌స్టాట్‌గాసే అనే సందులో, మాంట్స్ వాళ్ళమ్మ ఇంట్లో, పది పదిహేను మంది చేరారు. ప్రార్థన చేశారు. జార్జ్ బ్లౌరాక్ అనే పాదిరి లేచి, నాకు నిజమైన బాప్తిస్మం ఇవ్వు అని గ్రేబెల్‌ను అడిగి మోకరించాడు. గ్రేబెల్ నీళ్ళు పోశాడు. తర్వాత బ్లౌరాక్ మిగిలినవాళ్ళకు ఇచ్చాడు. మెనోనైట్లు, ఈ స్విస్ శాఖలోంచే తర్వాత చీలిన ఆమిష్ వాళ్ళు తమ పుట్టుకను ఆ రాత్రి నుంచే లెక్క పెడతారు. అప్పటికి వాళ్ళకు పేరు లేదు. వాళ్ళందరికీ పసితనంలో ఒకసారి బాప్తిస్మం అయింది కాబట్టి శత్రువులు "మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు", అంటే అనాబాప్టిస్టులు, అని పేరు పెట్టారు.

సందు ఏటవాలుగా ఉంది. రాళ్ళు పరిచిన దారి, రెండు పక్కలా ఎత్తు ఇళ్ళు. ఎవరో పైనుంచి కిటికీ తెరిచి దుప్పటి దులిపారు.

"గింత చిన్న గల్లీలనా?" అంది మా అమ్మాయి.

మా తాతమ్మ గురించి దానికి అక్కడే చెప్పాను. నిజాం కాలంలో గడీలో వెట్టి చేసిన మనిషి. చెరువులో బాప్తిస్మం తీసుకున్న రోజున పాస్టరు, "నీ ఇష్టంతోనే వచ్చినవా?" అని అడిగాడట. "అప్పటిదాంక నా ఇష్టమేందని నన్నెవ్వరు అడగలె బిడ్డా" అని మా అమ్మమ్మకు చెప్పేదట. ఆ మాట మా ఇంట్లో మూడు తరాలుగా తిరుగుతోంది. ఆ ప్రశ్న మొదట ఎక్కడ అడిగారో చూడాలనే ఇంత దూరం వచ్చాను.

రెండో రోజు, లిమ్మత్ నది

పొద్దున్నే నది అవతలి ఒడ్డుకు వెళ్ళాం. షిప్ఫే అని పాత చేతివృత్తుల వాళ్ళ వీధి. నీళ్ళ పక్క గోడకు ఒక రాతి పలక ఉంది. 2004లో పెట్టారు. ఇక్కడ నది మధ్యలో, చేపలు పట్టేవాళ్ళ అరుగు మీదనుంచి, ఫెలిక్స్ మాంట్స్‌నూ మరో అయిదుగురు అనాబాప్టిస్టులనూ 1527కూ 1532కూ మధ్య ముంచి చంపారని, ఆఖరుగా 1614లో హాన్స్ లాండిస్‌ను చంపారని దాని మీద రాసి ఉంది. అమ్మాయి ఒక్కో మాటా జర్మన్‌లో చదివి నాకు తెలుగులో చెప్పింది.

1526 మార్చిలో జూరిక్ సభ, మళ్ళీ బాప్తిస్మం ఇస్తే నీళ్ళలో ముంచి చంపుతామని చట్టం చేసింది. నీళ్ళతో చేసిన నేరానికి నీళ్ళతోనే శిక్ష. 1527 జనవరి 5, శనివారం. మాంట్స్‌ను నది మధ్య వెల్లెన్‌బర్గ్ అనే జైలు బురుజులోంచి తీసి, చేపల బజారు మీదుగా నడిపించి, పడవలో అరుగు దగ్గరికి తెచ్చారు. చేతులు మోకాళ్ళ కిందికి దించి కట్టారు. మోకాళ్ళకూ మోచేతులకూ మధ్య ఒక కర్ర దూర్చారు, విదిలించుకోకుండా. ఒడ్డు మీదనుంచి తల్లీ తమ్ముడూ గట్టిగా కేకేస్తున్నారు. వదిలిపెట్టమని కాదు, నిలబడమని. ఆయన లాటిన్‌లో పాడాడు: "నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను." శుభ శుక్రవారం నాడు మా చర్చిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఆఖరిదిగా ధ్యానించేది ఆ మాటనే. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా లేవు.

చంపించింది రోమన్ కాథలిక్కులు కాదు. ఆ ఊరి సంస్కర్తలే, తనకు బైబిలు నేర్పిన గురువు మనుషులే. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. కొత్తగా స్వేచ్ఛ దొరికినవాళ్ళు ఇంకొకరి స్వేచ్ఛను రెండేళ్ళు కూడా ఓర్చుకోలేకపోయారు. ఆ సంస్కరణ సంఘం వాళ్ళు 2004లో ఆ పాపాన్ని ఒప్పుకుని, క్షమించమని అడిగి, ఈ రాయి పెట్టించారు. 2025 మే నెలలో అయిదు వందల ఏళ్ళ పండుగకు అన్ని ఖండాల మెనోనైట్లూ జూరిక్ వచ్చారు. ఆరాధన జరిగింది ఆ గ్రోస్‌మ్యూన్‌స్టర్‌లోనే.

నేను మెట్లు దిగి నీళ్ళలో చెయ్యి పెట్టాను. అక్టోబరులోనే వేళ్ళు కొంకర్లు పోయాయి. జనవరి సంగతి ఊహకే అందలేదు. నది ఎంత తేటగా ఉందంటే అడుగున గులకరాళ్ళు లెక్క పెట్టవచ్చు.

సాయంత్రం సరస్సు ఒడ్డున జోలికోన్ దాకా నడిచాం. ఇప్పుడు డబ్బున్నవాళ్ళ ఊరు. అప్పట్లో రైతుల, ద్రాక్షతోటల పల్లె. ఆ రాత్రి బాప్తిస్మం అయిన వారంలోనే ఇక్కడి ఇళ్ళలో ముప్పైమందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. వంటింటి గిన్నెలోంచి నీళ్ళు, బల్ల మీది మామూలు రొట్టె, ద్రాక్షరసం. మొదటి సంఘం అదే. పాదిరి లేడు, బలిపీఠం లేదు. పది రోజులు తిరగకముందే జూరిక్ భటులు వచ్చి పట్టుకుపోయారు.

మూడో రోజు, ష్లైట్‌హైమ్

షాఫ్‌హౌజెన్‌లో రైలు దిగి, బస్సు కోసం చూస్తూ రైన్ నది వైపు నడిచాం. 1525 ఫిబ్రవరిలో గ్రేబెల్ ఈ నదిలోనే వోల్ఫ్‌గాంగ్ ఉలిమాన్ అనే ఆయనకు నిండా ముంచి బాప్తిస్మం ఇచ్చాడు. పళ్ళెంలోని నీళ్ళు నెత్తిన పోస్తే తనకు చాలదన్నాడట. మా ఎం.బి. వాళ్ళకు ముంచడమే బాప్తిస్మం కాబట్టి ఆ మనిషి నాకు మా ఊరివాడిలాగే అనిపించాడు.

ష్లైట్‌హైమ్ జర్మనీ సరిహద్దును ఆనుకున్న పల్లె. పొడవాటి వీధి ఒకటి, పక్కన వాగు. మ్యూజియంలో అనాబాప్టిస్టుల కోసం ఒక గది ఉంది. 1527 ఫిబ్రవరి 24న, మాంట్స్ చనిపోయి రెండు నెలలు కాకముందే, తరిమివేతకు గురైనవాళ్ళు ఇక్కడ కూడి ఏడు మాటలకు ఒప్పుకున్నారు. రాసింది మిఖాయెల్ సాట్లర్. అంతకుముందు బ్లాక్ ఫారెస్ట్‌లోని ఒక బెనెడిక్టిన్ మఠంలో పెద్ద సన్యాసి.

ఆ ఏడు మాటల్లో కొన్ని మాకు బాగా తెలిసినవే. మారుమనస్సు పొంది, అడిగినవాళ్ళకే బాప్తిస్మం. ప్రభువు బల్లలో ఒకే రొట్టె, ఒకే సంఘం. కాపరిని సంఘమే ఎన్నుకోవాలి, పోషించాలి. లోకం నుంచి వేరుగా బతకాలి. ఇవన్నీ మా పాస్టర్లు ఇప్పటికీ చెబుతారు.

మిగిలినవి మూడు. ఒకటి కత్తి. లోకంలో దుష్టుణ్ణి శిక్షించడానికి దేవుడు కత్తిని ఉంచాడు గానీ క్రీస్తు సంఘంలో దానికి చోటు లేదు. కాబట్టి విశ్వాసి సిపాయి కాకూడదు, తీర్పరి కాకూడదు, అధికారి కాకూడదు. రెండోది ఒట్టు. "ఎంతమాత్రము ఒట్టుపెట్టుకొనవద్దు" అని ప్రభువు అన్నాడు కాబట్టి రాజుకైనా ఒట్టు వేయకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు. మూడోది వెలి. తప్పు చేసినవాణ్ణి రెండుసార్లు ఒంటరిగా, మూడోసారి సంఘం ముందు మందలించాలి. వినకపోతే సంఘం నుంచి తప్పించాలి. కొట్టకూడదు, చంపకూడదు. కత్తి చేసే పని మాటతో చేయడమే వెలి.

ఆ వెలి విషయం దగ్గర నా మనసు ఒప్పుకోదు. తర్వాతి రోజుల్లో వెలివేసినవాడితో కట్టుకున్న భార్య కూడా కలిసి తినకూడదనే దాకా పోయింది. మెన్నో కూడా ముసలితనంలో ఆ కఠినుల వైపే మొగ్గాడు. సంఘాలు చీలిపోయాయి. ఊరికి అవతల, వెలివాడలో పుట్టి పెరిగిన మా వాళ్ళకు వెలి అంటే ఏమిటో ఎవరూ పుస్తకంలోంచి చెప్పనక్కరలేదు. అయినా, వేలమందిని చంపుతున్న కాలంలో మేం ఎవరినీ చంపం, మా దగ్గరున్న ఆఖరి శిక్ష ఇదే అని రాసుకున్నవాళ్ళని తక్కువ చేయలేను.

కత్తి గురించి నేను అసలు అనాల్సింది వేరు. యాభై ఏళ్ళుగా ఎం.బి. చర్చిలో కూర్చుంటున్నాను. బాప్తిస్మం మీద, తాగుడు మీద, దశమభాగం మీద, రాకడ మీద వందల ప్రసంగాలు విన్నాను. విశ్వాసి ఆయుధం పట్టకూడదన్న మాట పీఠం మీదనుంచి ఒక్కసారీ విన్న గుర్తు లేదు.

సాట్లర్‌ను ఆ మే నెలలోనే రోటెన్‌బర్గ్‌లో విచారించారు. టర్కీ సుల్తాను సైన్యం వస్తే దాన్ని కూడా ఎదిరించి చంపకూడదు అన్నాడని ఒక నేరం. అవును, అన్నాను అన్నాడు. నాలుక కోసి, ఎర్రగా కాల్చిన పటకారుతో ఒళ్ళు చీల్చి, కాల్చేశారు. భార్య మార్గరెతాను రెండు రోజుల తర్వాత నెక్కర్ నదిలో ముంచారు.

నాలుగో రోజు, ఎమ్మెంటాల్

జున్నుకు పేరుపడిన లోయ. చిత్రపటంలాంటి పచ్చిక కొండలు, నేల దాకా వంగిన పెద్ద కప్పుల ఇళ్ళు, మెడలో గంటలు కట్టిన ఆవులు. ఇంత అందమైన చోట మనుషుల్ని వేటాడారంటే నమ్మబుద్ధి కాదు. బెర్న్ ప్రభుత్వం వీళ్ళను పట్టుకోవడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టింది. పట్టుకున్నవాళ్ళను గాలేలనే యుద్ధ ఓడల్లో తెడ్లు వేయడానికి అమ్మేసింది కూడా.

పొద్దున ట్రాక్సెల్‌వాల్డ్ కోట బురుజు ఎక్కాం. పైన దుంగలతో కట్టిన చీకటి కొట్లు. లోపల నిలబడితే నా తల కప్పుకు తగిలింది. 1571లో బెర్న్‌లో తల నరికిన హాన్స్ హాస్లిబాఖర్‌ను ఇక్కడే ఉంచారంటారు. ఆయన మీద 32 చరణాల పాట కట్టారు. నా తల నరికితే అది టోపీలోకి దూకి నవ్వుతుంది, సూర్యుడు ఎర్రబడతాడు, ఊరి బావిలో నెత్తురు పారుతుంది అన్నాడని ఆ పాట. వినగానే మా వైపు బుడగ జంగాలు చెప్పే కథలు గుర్తొచ్చాయి. చంపబడినవాణ్ణి జనం పాటలోనే దాచుకుంటారు, ఎక్కడైనా.

మధ్యాహ్నం ట్రూబ్ దాటి, ఫాంక్‌హౌస్ అనే సన్నటి లోయలోకి. హింటర్ హ్యూటెన్ అనే రైతు ఇల్లు. ఇక్కడ అనాబాప్టిస్టులు దాక్కున్న చోటు ఇప్పటికీ ఉంది. కొట్టంలో నేలచెక్కలు వరసగా పరిచి ఉంటాయి. అందులో ఒకదాని కొస తొక్కితే వంగిపోతుంది. మనిషి కింది చీకట్లోకి జారిపోగానే చెక్క మళ్ళీ సమంగా కూర్చుంటుంది. పైన గడ్డి చల్లితే ఎవరికీ తెలియదు. ఆ చెక్క అంచు చేత్తో తడిమి చూశాను. బెత్తెడు మందం, లోపలంతా ఎండుగడ్డి వాసన, పశువుల వాసన. మా అమ్మమ్మ వాళ్ళ గుడిసె వెనక కొట్టం వాసన కూడా సరిగ్గా ఇదే.

ఈ లోయలోని లాంగ్నౌ సంఘం ఆనాటి నుంచీ తెగకుండా వస్తోంది. ఇప్పుడున్న మెనోనైట్ సంఘాల్లో అదే పాతది. వాళ్ళ మందిరం ముందు నుంచే బస్సెక్కాం. సిలువ బొమ్మ కూడా లేని సాదా ఇల్లు.

అయిదో రోజు, రైలు, మ్యూన్‌స్టర్

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రైలే. బాసెల్ దాటాక అమ్మాయి అడిగింది, "సరే, వీళ్ళు స్విట్జర్లాండ్ వాళ్ళు, మెన్నో హాలెండ్ ఆయన. మనకు రష్యావాళ్ళు వచ్చి చెప్పారంటావు. ఎట్లా కుదిరింది?"

టికెట్ వెనక గీత గీసి చూపించాను. హాలెండ్ మెనోనైట్లు హింస తట్టుకోలేక పోలండ్ వైపు విస్తులా నది డెల్టాకు వెళ్ళారు. బురదనేలలో గట్లు కట్టి సాగులోకి తెచ్చారు. తర్వాత ఆ ప్రాంతం ప్రష్యా చేతికి వచ్చింది. సైన్యంలో చేరనివాళ్ళు కొత్త భూములు కొనకుండా కట్టడి పెట్టారు. రష్యా రాణి రెండో కాథరిన్ సైన్యం నుంచి మినహాయింపు ఇస్తానని పిలిచింది. 1789లో ఖోర్టిట్జాకు, 1804 నుంచి మొలోచ్నాకు, ఇప్పటి ఉక్రెయిన్‌కు, బండ్లు కట్టుకుని పోయారు. అక్కడ 1860 జనవరిలో కొందరు, పాత సంఘం చల్లబడిపోయిందని వేరుపడి మెనోనైట్ బ్రదరన్‌గా ఏర్పడ్డారు. ఆ సంఘానికి చెందిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులే 1889లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద నల్లగొండకు వచ్చారు. అంతకుముందే 1874లో రష్యా కూడా అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేసింది. సుమారు 18,000 మంది మళ్ళీ మూటలు కట్టి కాన్సాస్, మినెసోటా, మానిటోబా చేరారు. ఆ అమెరికా సంఘాలు పంపిన హీబర్ట్ దంపతులు 1899లో హైదరాబాద్ వచ్చారు. ఆ తర్వాతే నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, గద్వాల, జడ్చర్ల ఆసుపత్రి, శంషాబాద్ బైబిలు కాలేజీ.

గీత పూర్తయ్యాక ఇద్దరం దాని వంక చూస్తూ కూర్చున్నాం. ప్రతి మలుపు దగ్గరా కారణం ఒకటే. చంపం, తుపాకీ పట్టం. ఆ మాట కోసం ఊరు విడిచీ విడిచీ ఆఖరికి మా పాలమూరు చెరువుల దాకా వచ్చారు. మనుషులు చేరారు, బాప్తిస్మం చేరింది, బడీ ఆసుపత్రీ చేరాయి. వాళ్ళను నడిపించిన ఆ మాట మాత్రం దారిలో ఎక్కడో పడిపోయింది. పడిపోయింది వాళ్ళ చేతిలోంచో మా చేతిలోంచో.

సాయంత్రానికి మ్యూన్‌స్టర్. ఇక్కడికి రావాలా అని చాలా ఆలోచించాను. మెనోనైట్ ఊళ్ళు చూసేవాళ్ళు ఈ ఊరు దాటేసి పోతారు. కానీ ఇది చెప్పకపోతే అబద్ధమాడినట్టే. 1534 ఫిబ్రవరిలో కొందరు అనాబాప్టిస్టులు ఈ ఊరిని చేజిక్కించుకున్నారు. లోకాంతం వచ్చేసింది, కొత్త యెరూషలేము ఇదే అన్నారు. బాప్తిస్మం వద్దన్నవాళ్ళను మంచులోకి వెళ్ళగొట్టారు. మగవాళ్ళు ఎంతమంది భార్యలనైనా చేసుకోవచ్చన్నారు. లైడెన్ నుంచి వచ్చిన యాన్ అనే దర్జీ రాజుగా కిరీటం పెట్టుకున్నాడు, ఎదురు చెప్పినవాళ్ళ తలలు నరికాడు. బిషప్పు సైన్యం ముట్టడి వేసింది. లోపల జనం ఆకలితో చచ్చారు. 1535 జూన్‌లో ఊరు పడిపోయింది. మరుసటి జనవరిలో ముగ్గురు నాయకులను హింసించి చంపి, శవాలను ఇనుప బోనుల్లో పెట్టి సెయింట్ లాంబర్ట్ చర్చి గోపురానికి వేలాడదీశారు.

బోనులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, గడియారం పైన. పొద్దుగూకాక ఒక్కో దాంట్లో ఒక్కో పసుప్పచ్చ బల్బు వెలిగింది. 1987లో ఒక కళాకారుడు పెట్టినవట. కింద కాఫీ దుకాణాల్లో జనం నవ్వుకుంటున్నారు. నేను మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాను. అడిగి, ఒప్పుకుంటేనే బాప్తిస్మం అని మొదలైన మాట పదేళ్ళు తిరక్కముందే "తీసుకుంటావా, ఊరొదులుతావా" అయింది. జూరిక్ సభ అన్నదీ అదే కదా.

ఆరో రోజు, విట్మార్సుమ్

హాలెండ్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్. అంతా చదును. కాలవలు, గట్లు, గాలి. బోల్స్‌వార్డ్ నుంచి అద్దె సైకిళ్ళ మీద వెళ్ళాం. నేను సైకిల్ తొక్కి ఇరవై ఏళ్ళయింది.

మెన్నో సైమన్స్ 1496లో ఇక్కడ పుట్టాడు. 1524లో పాదిరి అయ్యాడు. పక్క ఊరు పింగ్యుమ్‌లో కొన్నాళ్ళు, తర్వాత సొంత ఊళ్ళో. తోటి పాదిర్లతో తాగుతూ, పేకాడుతూ కాలం గడిపానని, బైబిలు తెరవాలంటేనే భయపడ్డానని ఆయనే తర్వాత రాసుకున్నాడు. పూజలో రొట్టె పట్టుకున్నప్పుడు ఇది నిజంగా ప్రభువు శరీరమేనా అని అనుమానం వచ్చిందట. సైతాను పెట్టిన శోధన అనుకున్నాడు. 1531లో సిక్కె అనే దర్జీని లీవార్డెన్‌లో తల నరికారు, రెండోసారి బాప్తిస్మం తీసుకున్నందుకు. రెండో బాప్తిస్మమా, అదేమిటి అని ఈయన బైబిలు వెతికాడు. పసిపిల్లల బాప్తిస్మం కనిపించలేదు. అయినా పీఠం దిగలేదు. జీతం ఉంది, పరువు ఉంది.

1535లో మ్యూన్‌స్టర్ మత్తెక్కిన మూడు వందల మంది బోల్స్‌వార్డ్ దగ్గర ఒక మఠాన్ని పట్టుకున్నారు. సైన్యం వచ్చి ఊచకోత కోసింది. చచ్చినవాళ్ళలో మెన్నో అన్నదమ్ముడు కూడా ఉన్నాడంటారు. వాళ్ళ నెత్తురు నా గుండె మీద పడి మండింది అని రాశాడు. తప్పుడు నమ్మకమే అయినా వాళ్ళు దానికోసం ప్రాణమిచ్చారు, సత్యం తెలిసీ నేను మెత్తటి పరుపు మీద ఉన్నాను. 1536 జనవరిలో నలభై ఏళ్ళ వయసులో అన్నీ వదిలి బయటికి నడిచాడు.

ఈ మనిషిని నేను ప్రేమించేది అందుకే. ధైర్యవంతుడు కాదు, పదేళ్ళు తడబడ్డాడు. బయటికి వచ్చాక పాతికేళ్ళు ఎక్కడా స్థిరంగా ఉండలేదు. గెర్‌ట్రూడ్‌ను పెళ్ళి చేసుకుని, పిల్లలతో ఊరూరా తిరిగి, చెదిరిపోయిన జనాన్ని కత్తి వైపు పోకుండా పట్టి ఉంచాడు. 1539లో ఆయనకు ఆశ్రయమిచ్చిన త్యార్డ్ రెనిక్స్ అనే రైతును చంపేశారు. 1542లో అయిదో చార్లెస్ చక్రవర్తి ఆయన తలకు 100 గిల్డర్ల వెల కట్టాడు. 1561 జనవరి 31న, జర్మనీ ఉత్తరాన ఒక ఎస్టేటులో, కాలు కుంటిపడి, పరుపు మీదే చనిపోయాడు. రాసిన ప్రతి పుస్తకం మొదటి పేజీలో ఒకే వచనం వేసేవాడు: "వేయబడినది తప్ప, మరియొక పునాది ఎవడును వేయనేరడు; ఈ పునాది యేసు క్రీస్తే."

పొలాల మధ్య 1879లో నిలిపిన స్తంభం, పక్కనే పాత మందిరం ఉన్న చోట ఇనుప చట్రంతో మందిరం ఆకారం. గోడల్లేవు. గాలి అటునుంచి ఇటు పోతోంది. నేను లోపల నిలబడి మా అమ్మకు వీడియో కాల్ చేశాను.

"ఏడున్నవ్ బిడ్డా? ఆ ఇనుప గుంజలేంది?"

"మెన్నో ఊళ్ళ ఉన్ననమ్మా. మన చర్చి పేరుండె జూడు, గా మెన్నో."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక పాట పాడు ఆడ" అంది. పాడాను. అమ్మాయి కూడా కలిసింది. గట్టు మీది గొర్రెలు తలెత్తి చూశాయి.

పింగ్యుమ్‌లో చాటు మందిరం చూశాం. బయటికి మామూలు ఇల్లు. లోపల చెక్క బెంచీలు, ప్రసంగ పీఠం, అంతే. బయటికి చర్చిలా కనపడకూడదన్న షరతు మీద తర్వాతి కాలంలో వీళ్ళను బతకనిచ్చారు.

ఏడో రోజు, ఆస్పెరెన్

ఆఖరి ఊరికి చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. లింగె అనే చిన్న నది, కోట గట్టు, ఒక వీధికి డిర్క్ విల్లెమ్స్ పేరు. 1569లో ఇక్కడ ఆయన్ని బంధించారు. చేసిన నేరం, పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకోవడం, తన ఇంట్లో ఇతరులకు ఇప్పించడం. చలికాలం చివర తప్పించుకుని, పల్చటి మంచు గడ్డ మీదుగా నీళ్ళు దాటాడు. వెంటపడిన భటుడి కింద గడ్డ పగిలింది. మునిగిపోతున్నాడు. డిర్క్ వెనక్కి వచ్చి చెయ్యందించి పైకి లాగాడు.

ఈ కథను 1685లో యాన్ లాయ్కెన్ రాగి పలక మీద చెక్కాడు. హతసాక్షుల కథలన్నీ చేర్చిన ఒక పెద్ద పుస్తకం కోసం. రెండు చేతులు చాచి వంగిన డిర్క్, చంకల దాకా నీళ్ళలో ఉన్న భటుడు. ప్రపంచంలో ఏ మెనోనైట్ ఇంటికి వెళ్ళినా ఆ బొమ్మ గోడ మీద ఉంటుందంటారు. మా ఇళ్ళలో లేదు.

జనం ఇంతవరకే చెబుతారు. పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది. ఒడ్డెక్కిన భటుడు ఆయన్ని వదిలేద్దామనుకున్నాడు. అవతలి గట్టునుంచి ఊరి అధికారి గట్టిగా అరిచాడు: నీ ఒట్టు గుర్తు తెచ్చుకో. ఆ ఒట్టు కోసం భటుడు తనను బతికించినవాణ్ణి పట్టుకున్నాడు. మే 16న డిర్క్‌ను కాల్చారు. ఆ రోజు తూర్పుగాలి బలంగా వీచి మంట పైభాగానికి అంటలేదు. చాలాసేపు కేకలు వేశాడు. పక్క ఊరు లీర్‌డామ్ దాకా వినిపించాయి.

ష్లైట్‌హైమ్‌లో నేను తేలిగ్గా దాటేసిన మాట ఒట్టు. కోర్టులో ప్రమాణం చేయకపోతే ఏం పోతుంది, చేస్తే ఏం పోతుంది అనుకున్నాను. ఎవరికైనా ఒట్టు వేశాక, నీ కళ్ళెదుట ఉన్న మనిషిని వదిలేసే హక్కు కూడా నీ దగ్గర ఉండదని వాళ్ళకు ముందే తెలుసు.

గట్టు మీద చాలాసేపు కూర్చున్నాం. నీళ్ళు కదలకుండా ఉన్నాయి, పచ్చటి నాచు తేలుతోంది. మంచు కట్టే కాలం ఇంకా రాలేదు.

"ఆ భటుడు ఏమైండు?" అంది అమ్మాయి.

పుస్తకంలో అతని పేరు లేదు. అదే చెప్పాను.

"ఇంటికి పోయి ఆ రాత్రి ఎట్లా పన్నడో" అంది అది. సంచీలోంచి ఫోను తీసి, లాయ్కెన్ బొమ్మ వెతికి, పెద్దది చేసి, నీళ్ళలో ఉన్న ఆ మనిషి ముఖం మీద వేలు పెట్టి చూస్తూ ఉండిపోయింది.